టేపు మాస్టారి బ్రేకులు

మెడలో టేపు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు ఆ వీధిలో ఎవరూ లేరు. పెళ్ళి ఫోటోలో కూడా మెడలో టేపు ఉందని వాళ్ళావిడ చెప్పి నవ్వుతుంది. ఏదీ చూపించమంటే మాత్రం బీరువా తాళం కనబడదు. అందుకే అందరికీ ఆయన టేపు మాస్టారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, అది కూడా తప్పుగా.

ముప్పై రెండేళ్ళుగా అదే షాపు. రోడ్డు వైపు ఒక గది, గది నిండా ఒక కటింగ్ బల్ల, దాని మీద కత్తెర గీతలు లేని చోటు బెత్తెడు కూడా ఉండదు. గోడకి వరసగా మేకులు, మేకులకి ఖాకీ కాగితంతో కోసిన చొక్కాల నమూనాలు, ప్యాంట్ల నమూనాలు. కిటికీ పక్కన కుట్టు మిషను, మిషను ముందు అక్క. కోసేది తమ్ముడు, కుట్టేది అక్క. నాన్న చనిపోయిన ఏడాది మొదలుపెట్టిన ఈ ఏర్పాటు ఇప్పటిదాకా మారలేదు. అక్క ఆయనకన్నా ఆరేళ్ళు పెద్ద, పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే, "మీ ఇంట్లో పనేం లేదా?" అని ఎదురడుగుతుంది. అడిగినవాళ్ళు మళ్ళీ అడగరు.

షాపులో అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు తక్కువ. ఒకపక్క మిషను గోల, ఇంకోపక్క వచ్చేపోయే గిరాకీ. "కాలరు", "గుండీలు", "రేపటికి", అంతే. వాళ్ళు మాట్లాడుకునేది ఆదివారం, కార్లో.

ఆ కారు సంగతి చెప్పాలి. మాస్టారు మామూలు కారు కొనుక్కుని ఉంటే ఈ కథే ఉండేది కాదు. నాలుగేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్లో కొన్న ఎర్ర కారది, పదిహేనేళ్ళ వయసు. దాని రోజుల్లో కుర్రాళ్ళు గోడల మీద బొమ్మలు అంటించుకున్న రకం. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుంది. షాపులో చీమకి కూడా దారిచ్చే మనిషి స్టీరింగ్ పట్టుకుంటే వేరే మనిషైపోయేవాడు. ప్రతి ఆదివారం పొద్దున్నే అక్కని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట కొండ రోడ్డెక్కడం, పైన కొట్టులో ఇద్దరూ టీ తాగడం, దిగి రావడం. దారి పొడుగునా అక్క మాట్లాడుతూనే ఉండేది. నాన్న గురించి, మొండి గిరాకీల గురించి, చదివిన పేపరు ముక్కల గురించి. వారమంతా మూసిన నోరు అక్కడ తెరుచుకునేది. వాళ్ళావిడ మాత్రం రానంటే రానంటుంది. "నాకు మేడ మెట్లెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. మీ అక్కాతమ్ముళ్ళే పోయి రండి" అంటుంది.

అలా హాయిగా సాగుతుండగా ఒక ఆదివారం కొండ దిగేటప్పుడు బ్రేకులు పోయాయి. చివరి మలుపులో మాస్టారు పెడల్ తొక్కితే అది మెత్తగా నేలదాకా దిగిపోయింది. మళ్ళీ తొక్కితే మళ్ళీ అంతే. గేర్లు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, రోడ్డు పక్కన కంకర గుట్టలోకి తోసి ఎలాగో ఆపాడు. ఎవరికీ ఏం కాలేదు. బంపరు సొట్టపోయింది, అంతే. అక్క తలుపు తీసుకుని దిగింది, సంచీ భుజాన వేసుకుంది, తిరిగి చూడకుండా బస్టాపు దాకా నడిచిపోయింది.

ఆ రోజునుంచి అక్క ఆ కారెక్కితే ఒట్టు. మాస్టారు బతిమాలాడు, బుజ్జగించాడు, ఆఖరికి అలిగాడు కూడా. ససేమిరా అంది. పోనీ కొండకి పోవడం మానేసిందా అంటే అదీ లేదు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, ఒక్కతే టీ తాగి, బస్సులోనే దిగొచ్చేది. ఒకసారి మాస్టారు ఉండబట్టలేక, చల్లారాక బ్రేకులు మళ్ళీ పడుతున్నాయి కదా అని, ఆ బస్సు వెనకాలే నత్తలా కారు నడుపుకుంటూ పైదాకా పోయాడు. పైన ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగారు. దిగేటప్పుడు మళ్ళీ ఎవరి బండి వాళ్ళదే. బస్సు వెనక అద్దంలోంచి అక్క జడ కనబడుతుంటే మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఎంత వేగంగా పోతే మాత్రం ఏం లాభం? అది ఆయనకి ఆ రోజు బాగా తెలిసొచ్చింది.

"బ్రేకులకి భయపడింది. బ్రేకులే మార్చేస్తే సరి" అనుకున్నాడు. అనుకున్నాక ఆగే మనిషి కాదు.

మెకానిక్ ఆయనతోపాటు చదువుకున్నవాడు, మొహమాటం లేనివాడు. కారు కిందకి దూరి, బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఒరేయ్, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చావు?"

"అది కూడా మారుస్తారా?"

మెకానిక్ తల పట్టుకున్నాడు. "గాలిలో తేమంతా తాగేస్తుందిరా అది. కొండ దిగుతూ నొక్కుతూనే ఉంటే వేడెక్కి మరుగుతుంది. మరిగిందంటే నీ కాలికింద ఏమీ మిగలదు. టైర్లు చూడు, నా బట్టతల నయం. వెనక రిమ్ములు రెండూ వంకర. చక్రాన్ని ఆపేది బ్రేకు, కారుని ఆపేది టైరు. ముందు అది తెలుసుకో."

"నా దగ్గర ఎంతుందో నీకు తెలుసు కదా. అంతలో అయ్యేలా చెప్పు."

మెకానిక్ సిగరెట్ పెట్టె చించి దాని వెనక రాశాడు. వాడి ఉపాయం విని మాస్టారు మొదట మొహం చిట్లించాడు. కారుకి ఉన్న పదిహేడు ఇంచుల షోకు చక్రాలు తీసేసి పదహారుకి దిగాలట. "అందరూ చక్రం పెంచుతుంటే నేను తగ్గించడమా? నవ్వరూ?" అన్నాడు. "నవ్వనీ. పదహారులో మంచి టైర్లు నాలుగొస్తాయి, అదే డబ్బుకి పదిహేడులో రెండొస్తాయి. మిగతా రెండు చక్రాలకీ నీ టేపు చుట్టుకుంటావా?" అన్నాడు మెకానిక్. మాస్టారు ఆ అట్టముక్క తీసి జేబులో పెట్టుకున్నాడు.

ఇక బ్రేకులు. అదే కంపెనీ వాళ్ళ పెద్ద కారొకటుంది, బరువెక్కువ కాబట్టి దాని ముందు బ్రేకులు పెద్దవి. బోల్టు కూడా మార్చకుండా ఈ కారుకి సరిపోతాయి. పాత ఇనుము యార్డులో ఒక జత దొరికింది. కాలిపర్లు అంటే చక్రం వెనక డిస్కుని రెండు పక్కలా పట్టి నొక్కే ఇనప దిమ్మెలు. వాటిని కడిగి, లోపల రబ్బర్లు కొత్తవి వేశాడు మెకానిక్. డిస్కులూ ప్యాడ్లూ కొత్తవి తెచ్చారు.

"ఒక్కటే తిరకాసు" అన్నాడు మెకానిక్. "పెద్ద బ్రేకు చిన్న చక్రంలో పట్టాలి. కొన్ని పదహారుల్లో పడుతుంది, కొన్నింట్లో లోపల స్పోకులకి రాసుకుంటుంది. గోరంత సందుంటే చాలు, కానీ ఉండాలి. ముందు రిమ్ములు వెతుక్కురా. బ్రేకులు ఆ తర్వాతే బిగిస్తా."

కాలిపర్ని సంచీలో వేసుకుని రిమ్ముల కొట్టుకి ఒక్కసారి మోశాడు మాస్టారు. ఆ రోజు కొట్టు కట్టేసి ఉంది. తిరిగొచ్చేసరికి భుజం ఊడి చేతికొచ్చినంత పనైంది. "అబ్బే, మన చేతిలో కాగితం ఉండగా ఇనుము మోయడమేంటి?" అనుకుని, మర్నాడు అక్క భోజనానికి వెళ్ళిన టైము చూసుకుని, డిస్కునీ కాలిపర్నీ కటింగ్ బల్ల మీద పెట్టి ఖాకీ కాగితం మీద నమూనా గీశాడు. ముందువైపు ఒకటి, పక్కవైపు ఒకటి. గీసి, కోసి, అట్టకి అంటించి, ఎత్తిపట్టి చూసుకున్నాడు. ఎంత బాగా కుదిరిందో! ముచ్చటేసింది. అక్కకి ఒక్క ముక్క కూడా చెప్పలేదు. అంతా బిగించాక కారు తెచ్చి గుమ్మం ముందు నిలబెడితే తనే ఎక్కుతుందని ఆయన లెక్క. నమూనాల్ని గోడ మేకుకి ప్యాంట్ల నమూనాల వెనక తగిలించాడు.

ఈలోగా టైర్లు చవకగా వచ్చాయి. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం అని మెకానిక్ నేర్పి పంపాడు కాబట్టి, ఆరేళ్ళ సరుకు అంటగట్టబోయిన కొట్టువాడికి మాస్టారు చుక్కలు చూపించి తాజావి నాలుగు తెచ్చుకున్నాడు. పెట్టడానికి చోటు లేక పడగ్గదిలో పెట్టాడు.

"ఏవండీ, మంచమెక్కాలంటే టైరెక్కాలా?" అంది వాళ్ళావిడ.

"నాలుగు రోజులు ఓర్చుకోవే."

నాలుగు రోజులు కాస్తా నెలన్నర అయింది. ఆవిడ ఒకదానిమీద బట్టల బుట్ట పెట్టుకుంది, ఇంకోదాని మీద కూర్చుని ఫోన్లో మాట్లాడటం అలవాటు చేసుకుంది.

ఎందుకు ఆలస్యమైందంటే, రిమ్ములు. పాత రిమ్ములమ్మే ఆవిడ ఊళ్ళో ఒక్కతే, అందరికీ రిమ్ముల పిన్ని. గోడల నిండా చక్రాలు వేలాడదీసి, మధ్యలో టైర్ల దొంతర మీద కళ్ళజోడు సర్దుకుంటూ కూర్చుంటుంది. మాస్టారు మెడలో టేపుతో, చేతిలో అట్టతో లోపలికి రాగానే, "ఏం నాయనా, నా చక్రాలకి చొక్కాలు కుడతావా?" అంది. చక్కటి నల్ల రిమ్ములు ఒక సెట్టు తీసి చూపించింది. గీతలున్నాయి గానీ సొట్టల్లేవు. మాస్టారు అట్టని చక్రం వెనకనుంచి లోపలికి జరిపాడు. స్పోకులకి తగిలింది.

"పట్టదు పిన్నిగారూ."

"కాస్త మడిచి చూడు."

"అట్ట మడుస్తా సరే, ఇనుము మడవదు కదండీ" అని పెద్ద తెలివైనవాడిలా జవాబిచ్చాడు.

వారం తర్వాత వెండి రంగువి వచ్చాయని కబురొస్తే మళ్ళీ పోయాడు. తగిలింది. ఇంకో పది రోజులకి మూడో సెట్టు. అదీ తగిలింది. మూడోసారికి పిన్నికి చిర్రెత్తుకొచ్చింది. "నలభై ఏళ్ళుగా చక్రాలమ్ముతున్నా. ఇన్ని వంకలు పెట్టినవాణ్ణి చూళ్ళేదయ్యా. ఆ కాగితం చక్రాలకి కోశావా, ఏనుక్కి కోశావా?" అంది. మాస్టారు తల దించుకుని బయటికొచ్చాడు. పక్క ఊళ్ళ కొట్లు కూడా కాళ్ళరిగేలా తిరిగాడు. ఎక్కడా పట్టలేదు. కొత్త రిమ్ములు కొనే స్తోమత లేదు. బ్రేకులు మెకానిక్ షెడ్డులో బల్ల కింద పడున్నాయి, కారు షెడ్డు ముందు దుమ్ము కొట్టుకుపోతోంది. ఆదివారం వస్తే అక్క బస్సెక్కుతోంది, మాస్టారు మంచం మీద టైర్ల వాసన పీలుస్తూ కప్పు చూస్తున్నాడు. "నా వల్ల కాదు, అమ్మేస్తా దరిద్రాన్ని" అని వాళ్ళావిడతో అనేశాడు కూడా. ఆ మాట మనసులోంచి రాలేదని ఆవిడకి తెలుసు.

ఒక మధ్యాహ్నం షాపులో మాస్టారు ఒక ప్యాంటు కోస్తున్నాడు. అక్క జేబు నమూనా కోసం గోడ దగ్గరికి వెళ్ళి, మేకునుంచి అన్నీ ఒక్కసారే తీసి బల్ల మీద పరిచింది.

"ఒరేయ్, ఇదేం పీసురా?"

మాస్టారు తలెత్తి చూశాడు.

"అది... ఏం లేదులే అక్కా."

"భుజం కాదు, చంక కాదు. మధ్యలో గుండ్రంగా ఈ బొక్కేంటి? ఎవరికిరా ఇంత వంకర ఒళ్ళు?"

ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాడు. పెద్ద బ్రేకులు, చిన్న చక్రాలు, మూడు సెట్లు, పిన్ని తిట్లు, అన్నీ. చెబుతుంటే కోపం తన్నుకొచ్చింది. "ప్రపంచంలో ఒక్క చక్రమైనా పట్టదేంటక్కా? నా ఖర్మ కాకపోతే!" అన్నాడు. అక్క వినీ విననట్టు అట్టని వెలుతురులో పెట్టి, అటు తిప్పి ఇటు తిప్పి చూస్తోంది. అంచుమీద బొటనవేలు జరుపుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది.

"లోపల ఈ పెన్సిల్ గీత ఏంటి?"

"అది కాలిపర్ గీత."

"మరి కోసింది?"

మాస్టారు చూశాడు. గీత లోపల ఉంది. కోత బయట ఉంది. చుట్టూ మొత్తం, ఎక్కడా వెంట్రుకవాసి తేడా లేకుండా, అరంగుళం.

"కుట్టుకి వదిలావు కదరా!" అంది అక్క. "ఎవడు కుడతాడు దీన్ని? నేనా?"

ముప్పై రెండేళ్ళుగా గీత గీసిన ప్రతిసారీ ఆయన కత్తెర దానంతటదే అరంగుళం బయటికి జరిగేది. లోపలికి మడిచి కుట్టుకోవడానికి. చొక్కాకీ అంతే, ప్యాంటుకీ అంతే, ఇప్పుడు ఇనుముకీ అంతే. నెలన్నరపాటు ఆ గీతని చేతిలో పట్టుకుని ఊరంతా తిరిగాడు, ఒక్కసారైనా కంటికి ఆనలేదు. అక్క నవ్వడం మొదలుపెట్టింది. మిషను మీద తల ఆనించి, పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. గుండీలు పెట్టించుకోవడానికొచ్చిన గిరాకీ ఏమైందని అడిగితే, "మా తమ్ముడు కారుకి చొక్కా కుడుతున్నాడండీ" అని మళ్ళీ నవ్వింది. మాస్టారికి మొదట ఒళ్ళు మండింది, తర్వాత ఆయనకీ నవ్వాగలేదు. అక్క అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళైందో.

నవ్వయ్యాక పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని అక్క అడిగింది. "ఇదంతా ఎందుకురా? ఉన్నదాంతో మెల్లగా తిరగొచ్చుగా?"

"నువ్వెక్కడం లేదుగా. ఒక్కణ్ణే ఎక్కడికి పోను?"

అక్క కత్తెర తీసుకుంది. లోపలి గీత వెంబడి అట్టని చుట్టూ కోసి, చేతిలో పెట్టింది.

సాయంత్రమే మాస్టారు పిన్ని కొట్టుకి పరుగెత్తాడు. అదృష్టం కొద్దీ ఆ మొదటి నల్ల సెట్టు ఇంకా గోడకే ఉంది. అట్ట లోపలికి జరిపితే వెన్నలా వెళ్ళింది, చుట్టూ సందు కూడా ఉంది. ఏమైందని పిన్ని అడిగితే నిజమే చెప్పాడు. పిన్ని కళ్ళజోడు తీసి ఆయన్ని ఎగాదిగా చూసింది. "నాయనా, బేరం వద్దు. ఈ ముచ్చట పదిమందికి చెప్పుకోనిస్తే తగ్గించి ఇస్తా" అంది. మాస్టారు ఒప్పుకున్నాడు. పరువు పోతే పోయింది, రిమ్ములొచ్చాయి.

పడగ్గదిలోంచి టైర్లు బయటికి పోతుంటే వాళ్ళావిడ, "కూర్చోడానికి ఒకటైనా ఉంచండి" అంది. మెకానిక్ రెండు రోజుల్లో అన్నీ బిగించాడు. పాత ఆయిల్ తీస్తే అది టీ డికాషన్లా నల్లగా వచ్చింది. కొత్తది పోసి, గొట్టాల్లో గాలి లేకుండా తీసి, తాళాలిస్తూ చెప్పాడు. "ప్యాడ్లు ఇంకా కొత్తవి. ఖాళీ రోడ్డు చూసుకుని వేగం మీంచి మెల్లగా తగ్గిస్తూ ఓ పదిసార్లు నొక్కు. పూర్తిగా ఆపకు. తర్వాత చల్లారనీ. అప్పుడు డిస్కూ ప్యాడూ ఒకదానికొకటి అలవాటు పడతాయి." మాస్టారు అచ్చం అలాగే చేశాడు. పదోసారికి పెడల్ రాయిలా నిలబడింది. చక్రాలు చిన్నవైనా కారు రోడ్డుని కరుచుకుని పోతోంది. ఒంటరిగా స్టీరింగ్ ముందు కూర్చుని పైకే నవ్వుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే కారు అక్క గుమ్మం ముందు నిలబెట్టాడు. హారన్ కొట్టలేదు. అక్క సంచీతో బయటికొచ్చింది, బస్టాపు వైపు చూసింది, కారు వైపు చూసింది. తలుపు తీసి ఎక్కి కూర్చుంది. బెల్టు పెట్టుకుంది. మాస్టారికి గాల్లో తేలినట్టయింది.

కొండెక్కేటప్పుడు అక్క పెద్దగా మాట్లాడలేదు. పైన టీ తాగారు. మాస్టారు మాత్రం ఆగకుండా చెబుతూనే ఉన్నాడు. డిస్కు ఎంత వెడల్పో, ఆయిల్ ఎంత వేడికి మరుగుతుందో, టైరు మీద అంకెలు ఎలా చదవాలో. అక్క ఊ కొడుతూ వింది.

దిగడం మొదలుపెట్టారు. మొదటి మలుపు, రెండో మలుపు. మూడో మలుపు దాటగానే రోడ్డు పక్కన పిట్టగోడ, ఆ పక్కన కాస్త ఖాళీ జాగా.

"ఆపు" అంది అక్క.

మాస్టారు తొక్కాడు. కారు గీత గీసినట్టు ఆగింది.

"ఏమైందక్కా? కళ్ళు తిరుగుతున్నాయా?"

"ఏం లేదు. ఆపుతావో లేదో చూశా."

మాస్టారు పొంగిపోయాడు. "చూశావా మరి! ఎలా పట్టిందో! ఇంకా పెద్ద లోయలో దిగినా..."

"బ్రేకుల సంగతి కాదురా నేననేది" అంది అక్క, పిట్టగోడ వైపు చూస్తూ. "ఆ రోజు కూడా ఇక్కడే ఆపమన్నాను. భయమేస్తోంది, ఆపు అన్నాను. రెండుసార్లు అన్నాను. అప్పటికి నీ బ్రేకులు బాగానే ఉన్నాయి."

మాస్టారికి గుర్తొచ్చింది. ఎనిమిది నెలలుగా ఎంతమందికి ఈ కథ చెప్పాడో, ప్రతిసారీ చివరి మలుపు దగ్గరే మొదలుపెట్టాడు. పెడల్ మెత్తబడ్డ దగ్గర. దానికి ముందు ఈ పిట్టగోడ ఉంది. ఇక్కడ అక్క ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆయన నవ్వి, "బండి సంగతి నీకేం తెలుసక్కా, గమ్మున కూర్చో" అని ఇంకా గట్టిగా తొక్కాడు. కింద దాకా వేగంగా దిగుతూ, ప్రతి మలుపులో బ్రేకు కొడుతూ, ఆయిల్ని మరగబెట్టింది తనే. చెయ్యి స్టీరింగ్ మీంచి జారిపోయింది.

"తప్పయిందక్కా" అన్నాడు. "నీ మాట వినలేదు. తప్పయింది."

అక్క ఆయన వైపు తిరిగింది.

"ఈ ఒక్క ముక్క కోసం ఎనిమిది నెలలు ఎదురుచూశాన్రా" అంది. "నువ్వేమో బ్రేకులు మార్చుకొచ్చావు."